ముప్పది లక్షల మైళ్ళ కారు: యంత్రమునకు ఆయుర్దాయ మెట్లు కలుగును?

పాతకారును కొనబోవువాడు ముందుగా అడుగు ప్రశ్న యొక్కటే: "బండి ఎంత తిరిగినది?" అద్దము వెనుకనున్న అంకెలవంక తొంగిచూచి, అచట నలువదివేల కిలోమీటర్లున్నచో ముఖము వికసించును, రెండు లక్షలున్నచో చేయి వెనుకకు పోవును. మనుష్యునకు వయస్సెట్టిదో కారునకు కిలోమీటర్లట్టివనియు, ప్రతి కిలోమీటరును దాని యాయువులో కొంత కొఱికివేయుననియు మనమందఱమును నమ్ముచున్నాము. ఈ నమ్మకము పూర్తిగా సత్యమైనచో, పదేండ్లలో నలువదివేల కిలోమీటర్లు మాత్రమే తిరిగి, ఇంటినుండి అంగడికిని అంగడినుండి ఇంటికిని పోయివచ్చుటతోనే కాలము గడపిన కారు లోపల క్రొత్తదానివలె నుండవలెను. అదే కాలములో రెండు లక్షల కిలోమీటర్లు రహదారులవెంట పరుగెత్తిన కారు కొనయూపిరితో నుండవలెను. కాని ఆటోనగరులో ఇంజిన్లు విప్పి విప్పి చేతులు నల్లబడిన మేస్త్రీ నెవనినైన అడిగిచూడుడు: మొదటిదాని లోపల జిగురువంటి నల్లమడ్డియు, రెండవదాని లోపల నిగనిగలాడు లోహమును కనబడుట తనకు వింత కాదని చెప్పును. ఎక్కువ నడచినది తక్కువ అఱుగుట ఎట్లు సంభవము?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఒక నిజమైన కారును, ఆ కారు పుట్టిన దేశమును, అచట పెరిగిన ఒక శాస్త్రమును ఆశ్రయించుట మేలు.

ఒక ఉపాధ్యాయుడు, ఒక ఎఱ్ఱని కారు

1966 జూన్ 30వ తేదీన, అమెరికాలో న్యూయార్కు నగరమునకు చేరువనున్న లాంగ్ ఐలండులో, ఇర్వ్ గార్డన్ అను విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు వోల్వో పి1800ఎస్ అను రెండు తలుపుల ఎఱ్ఱని కారును 4,150 డాలర్లకు కొనెను. ఆ సొమ్ము ఆయన యేడాది జీతమునకు ఇంచుమించు సమానము. కొన్న తొలి వారాంతములోనే 1,500 మైళ్ళు తిరిగి, వెంటనే తొలి సర్వీసునకు కొనిపోయినవాడాయన. బడికి పోయివచ్చుటకు దినమునకు 125 మైళ్ళు, అనగా 200 కిలోమీటర్లు, నడుపుచుండెడివాడు. సెలవులు వచ్చినచో దేశము నాల్గుమూలలకును ప్రయాణమే. 1987లో ఆ కారు 10 లక్షల మైళ్ళు పూర్తిచేసెను. 2002లో 20 లక్షలు. 2013 సెప్టెంబరు 18న అలాస్కాలోని గర్డ్‌వుడ్ అను ఊరికి సమీపమున 30 లక్షల మైళ్ళు. 2018 నవంబరులో ఆయన కన్నుమూయునాటికి అది 32 లక్షల మైళ్ళకు పైగా తిరిగియుండెను. కిలోమీటర్లలో చెప్పినచో 51 లక్షలకు పైమాట. భూమినుండి చంద్రునివఱకు ఆఱుమాఱులు పోయివచ్చినను ఇంక మిగులు దూరము. ఒకే యజమాని చేతిలో ఇంతదూరము నడచిన సొంతకారుగా గిన్నిస్ గ్రంథము దానిని గుర్తించినది.

వోల్వో యనగానే మన హైదరాబాదు, విజయవాడ ప్రజలకు రాత్రివేళ బయలుదేఱు చల్లని బస్సు స్ఫురించుట సహజము. ఆ బస్సులు మన దేశమునకు 2001లో వచ్చినవి. కాని బస్సులు, లారీలు చేయు సంస్థయు కార్లు చేయు సంస్థయు నేడు వేఱువేఱు. 1999లో కార్ల విభాగమును ఫోర్డు కంపెనీ కొనెను. 2010లో అది చైనాకు చెందిన గీలీ సంస్థ చేతికి వచ్చెను. కార్లు మన దేశములో అమ్మకమునకు వచ్చినది 2007లో. పేరు మాత్రము రెంటికిని ఒక్కటే. ఆ పేరులోనే మన కథకు మొదటి ఆధారము దొరకును.

బేరింగుల నగరమున పుట్టిన శాస్త్రము

స్వీడను దేశపు పడమటి తీరమున గోథెన్‌బర్గ్ అను రేవుపట్టణము గలదు. 1907లో స్వెన్ వింగ్‌క్విస్ట్ అను ఇంజనీరు అచట ఒక క్రొత్తరకపు బాల్ బేరింగును కనిపెట్టి ఎస్‌కెఎఫ్ అను సంస్థను స్థాపించెను. ఆ సంస్థ 1915లో తాను చేయదలచిన ఒక బేరింగుకొఱకు 'వోల్వో' అను పేరును నమోదుచేయించెను. లాటిను భాషలో దానికి 'దొర్లుచున్నాను' అని యర్థము. ఆ సంస్థలోనే పనిచేసిన అస్సార్ గాబ్రియెల్‌సన్ అను వ్యాపారదక్షుడును గుస్తాఫ్ లార్సన్ అను ఇంజనీరును కలిసి, సంస్థ ఆర్థికసాహాయ్యముతో కార్ల కర్మాగారమును నెలకొల్పగా, 1927 ఏప్రిల్ 14న తొలి వోల్వో కారు వెలుపలికి వచ్చెను. అనగా ఈ కారునకు పుట్టినిల్లు బేరింగుల కర్మాగారము.

బేరింగులు చేయువారిని ఒక ప్రశ్న నిరంతరము వేధించుచుండెను. ఒకే ఉక్కుతో, ఒకే యంత్రముపై, ఒకే దినమున చేసిన నూఱు బేరింగులను ఒకే బరువు క్రింద త్రిప్పినచో, కొన్ని త్వరగా పగులును, కొన్ని దానికి ఎన్నో రెట్లు కాలము నిలుచును. ఏలయన, ఉక్కులో కంటికి కానరాని దోషబిందువులుండును. పగులు అక్కడనే మొదలగును. వాలోడి వైబుల్ అను స్వీడిషు శాస్త్రజ్ఞుడు 1939లో ఈ విషయమును గణితబద్ధము చేసి, పదార్థముయొక్క బలము దాని సగటు బలము కాదనియు, దానిలోని అత్యంత బలహీనమైన లంకె యొక్క బలమేననియు నిరూపించెను. ఎస్‌కెఎఫ్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ పామ్‌గ్రెన్, గుస్తాఫ్ లుండ్‌బర్గుతో కలిసి, ఆ మార్గమున 1947లో బేరింగుల ఆయువును లెక్కించు సూత్రమును ప్రకటించెను. బాల్ బేరింగుపై పడు బరువు రెట్టింపైనచో దాని యాయువు సగము కాదు, ఎనిమిదవ వంతునకు పడిపోవునని ఆ సూత్రము చెప్పును. మోయదగిన దానికంటె అధికముగా బరువెత్తిన బండి యేల అంత త్వరగా మూలబడునో ఈ యొక్క మాటతో తేటపడును.

ఇపుడు కారును మొత్తముగా చూడుడు. ఒక కారులో ముఖ్యమైన భాగములు నూఱున్నవనుకొందము. ప్రతి భాగమును ఈ యేడాది చెడకుండ నిలుచుటకు నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు అవకాశమున్నదనుకొందము. అంత మంచి భాగములతో కూర్చిన కారు ఏ లోపమును లేక ఏడాది గడపుటకు గల అవకాశమెంత? నూటికి ముప్పదియేడు మాత్రమే! గొలుసు పొడవైనకొలది దానిలో ఒక లంకె తెగుట తప్పదు. కావున దీర్ఘాయువుగల కారనగా ఏదియు చెడని కారని యర్థము కాదు. చెడునది చిన్నదై, చౌకయై, చేతికందునదై, దానిని మార్చినంతనే పెద్దభాగములు క్షేమముగ నుండునట్టి కారని యర్థము. ఈ యొక్క సత్యమును పట్టుకొనినచో మిగిలినదంతయు దానివెంట వచ్చును.

నూనెపొరపై తేలు ఇనుము

ఇంజినులో అత్యంత విలువైన భాగము క్రాంక్ షాఫ్ట్. పిస్టన్ల పైక్రింది పరుగును చక్రముల త్రిప్పుటగా మార్చు వంకరల ఇరుసిది. గంటకు 60 కిలోమీటర్ల సగటు వేగమున, నిమిషమునకు 2,500 చుట్ల చొప్పున 3 లక్షల కిలోమీటర్లు తిరిగిన కారులో ఈ ఇరుసు 75 కోట్ల సారులు తిరిగియుండును. మన గుండె దినమునకు లక్ష మాఱులు కొట్టుకొనుననుకొనినచో, 75 కోట్ల మాఱులు కొట్టుకొనుటకు ఇరువదియేండ్లు పట్టును. ఇన్నిసార్లు ఇనుము ఇనుముపై రాచుకొనినచో ఏమి మిగులును? ఏమియు మిగులదు. కాని అది రాచుకొనదు, అదియే రహస్యము.

1883 ప్రాంతమున ఇంగ్లండులో బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేయుచు, నూనె పోయుటకు బేరింగు నడినెత్తిన ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగుచుండగా నూనె లోనికి పోవుటకు బదులు ఆ రంధ్రమునుండి పైకి పొంగెను. ఆయన దానికి కొయ్యబిరడా బిగించెను. బిరడాను కూడ నూనె పైకి త్రోసివేసెను. తిరుగు ఇరుసు తనతోపాటు నూనెను ఇఱుకైన సందులోనికి లాగికొనిపోయి, అచట అంతటి ఒత్తిడిని పుట్టించి, తనపైనున్న బరువునంతటిని ఆ నూనెపొరపై మోయించుచున్నదని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ వివరించెను. వానకాలమున నీరు నిలిచిన రోడ్డుపై వేగముగా పోవు కారు చక్రము నేలనంటక నీటిపొరపై తేలి జారుట చాలమంది యెఱిగినదే. అచట అపాయమైనది ఇచట ప్రాణరక్ష. తల వెండ్రుక మందములో పదియవ వంతైనను లేని ఆ నూనెపొర నిలిచియున్నంతవఱకు క్రాంక్ షాఫ్టునకును బేరింగునకును స్పర్శయే లేదు. స్పర్శ లేనిచోట అఱుగుదల లేదు.

అయినచో అఱుగుదల యెపుడు? ఆ పొర లేనపుడు. పొర యెపుడు లేదు? ఇరుసు నిలిచియుండి, మరల కదలు తొలి క్షణములలో. రాత్రియంతయు నిలిచిన ఇంజినులో నూనె క్రిందికి జారి అడుగునున్న సంపులో చేరియుండును; తాళము త్రిప్పిన తొలి కొన్ని చుట్లు లోహములు దాదాపు పొడిగా రాచుకొనును. దానికి తోడు చల్లని ఇంజినునకు ఎక్కువ పెట్రోలు అందింపవలసివచ్చును. అందులో మండక మిగిలినది సిలిండరు గోడలపై నూనెను కడిగివేయును. ఇంజినుయొక్క ఆయువును కిలోమీటర్లకంటె ఈ చల్లని ప్రారంభముల సంఖ్యయే ఎక్కువగా హరించును.

ఇపుడు లెక్క చూడుడు. గార్డన్ ప్రయాణము ఒక్కొక్కటి నూఱు కిలోమీటర్లు. నూఱు కిలోమీటర్లకు ఒక ప్రారంభము. మన యూరిలో అయిదు కిలోమీటర్ల దూరమునకు పోయి ఆగి, చల్లారి, మరల బయలుదేఱు కారునకు అదే నూఱు కిలోమీటర్లకు ఇరువది ప్రారంభములు. అంకెలచట్రము రెండు కార్లకును ఒకే సంఖ్యను చూపును. లోపలి ఇనుము మాత్రము రెండు వేఱు జీవితములు గడపియుండును.

> నూనెలో నీరెట్లు చేరును?
> పెట్రోలు మండునపుడు అందలి హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కూడి నీరగును. ఒక లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టును. చలికాలపు ఉదయమున కారు పొగగొట్టమునుండి బొట్లుబొట్లుగా కారునది యీ నీరే. ఇంజిను వేడెక్కనిచో దీనిలో కొంత పిస్టన్ రింగుల సందులనుండి జారి నూనెలో కలిసి, పొగలోని గంధక, నత్రజని సమ్మేళనములతో చేరి ఆమ్లమగును. దూరప్రయాణమున నూనె బాగుగ కాగినపుడు ఆ నీరు ఆవిరియై వెడలిపోవును. దగ్గఱ ప్రయాణములు మాత్రమే చేయు కారులో నూనె పోయు మూతను విప్పి వెనుకకు త్రిప్పిచూచినచో, ఒక్కొకప్పుడు వెన్నవంటి పాలిపోయిన నురుగు అంటియుండును. అది నూనెతో చిలుకబడిన నీరు.

నూనె ఈ ఆమ్లములను విఱుచుటకును, మసిని తనలో పట్టియుంచుటకును కొన్ని ద్రవ్యములను కలిగియుండును. అఱిగిపోవునవి ఆ ద్రవ్యములే. అవి అయిపోయిన పిమ్మట నూనె నూనెగానే కనబడును గాని రక్షింపజాలదు. గార్డన్ రమారమి మూడు, మూడున్నర వేల మైళ్ళ కొకసారి నూనె మార్పించెడివాడు; సంస్థ యిచ్చిన చిన్న పుస్తకములో నేది వ్రాసియుండెనో దానిని అక్షరాల పాటించెడివాడు. ఆ యింజినును తొలిసారి విప్పి కూర్చినది 6,80,000 మైళ్ళ వద్ద.

ఐదు స్తంభముల యిరుసు, ఒకే రోటిలో రెండు రోకళ్ళు

శ్రద్ధయే సర్వస్వమైనచో ఏ కారైనను ఇట్లే నిలువవలెను గదా యని పాఠకుడు అడుగవచ్చును. శ్రద్ధకు తగిన పాత్ర కావలెను. 1961లో పి1800 కారుతో వచ్చిన బి18 అను ఇంజినులో సిలిండర్ల దిమ్మ పోతయినుముతో చేసినది. అంతకు ముందరి బి16 ఇంజినులో క్రాంక్ షాఫ్ట్ మూడు బేరింగులపై ఆనియుండగా, దీనిలో ఐదింటిపై ఆనియుండెను. దూలము క్రింద మూడు స్తంభములున్న యింటికిని ఐదు స్తంభములున్న యింటికిని గల భేదమే యిది: ప్రతి సిలిండరునకు ఇరువైపుల ఊత యుండుటచే ఇరుసు వంగదు, వంగనిచోట నూనెపొర తెగదు. ఆ 1.8 లీటర్ల యింజినునుండి రమారమి నూఱు గుఱ్ఱముల బలమును మాత్రమే తీసికొనిరి. నేడు అదే సంస్థ 2 లీటర్ల యింజినునుండి 300 గుఱ్ఱములకు పైగా లాగుచున్నది. లోహశాస్త్రము నాటికంటె ఎంతో పెరిగినది నిజమే. అయినను ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి, టర్బోవంటి ఎక్కువ భాగములు కలిసినపుడు గొలుసు పొడవగును. అశ్రద్ధకు క్షమ తగ్గును.

ఈ 'క్షమ' యను గుణమునకు ఇంకొక చక్కని నిదర్శనము 1974 నుండి 1993 వఱకు తయారై, 28 లక్షలకు పైగా అమ్ముడుపోయిన 240 వరుస కార్లలో కనబడును. ఇంజినులో వాల్వులును పిస్టనులును ఒకే చోటికి వంతులవారీగా వచ్చిపోవును. ఒకే రోటిలో ఇద్దఱు స్త్రీలు రెండు రోకళ్ళతో దంచుట చూచినవారికి ఇది సులభముగ తెలియును: ఒకరి రోకలి లేచునపుడు ఇంకొకరిది పడును, లయ తప్పినచో రోకళ్ళు ఢీకొనును. ఇంజినులో ఆ లయను నిలుపునది టైమింగ్ బెల్టు అను పండ్ల రబ్బరుపట్టీ. దానికి ఆయువు పరిమితము. పలు ఇంజిన్లలో అది తెగినంతనే పిస్టను వాల్వును కొట్టి వంచివేయును; వేలతో పోవలసిన ఖర్చు లక్షలగును. 240లో తరువాతి కాలమున వచ్చిన బి230 ఇంజినులో రోటి లోతును ఎట్లు నిర్ణయించిరనగా, లయ తప్పినను రోకళ్ళు కలియవు. బెల్టు తెగినచో కారు రోడ్డుప్రక్క ఆగును. క్రొత్త బెల్టు వేసినచో మరల నడచును. 1991లో 850 నమూనాతో వచ్చిన అల్యూమినియపు ఐదు సిలిండర్ల యింజిన్లు చుఱుకైనవి, పొదుపైనవి. కాని వానిలో ఈ సౌలభ్యము లేదు. అవి కూడ ఎన్నో లక్షల కిలోమీటర్లు నడచినవే. అయితే బెల్టును గడువునకు ముందే మార్చిన యజమానుల చేతులలో మాత్రమే.

తెగు లంకెలు

వోల్వోలయందు లోపములు లేవని చెప్పుట సత్యము కాదు. ఆ లోపములను ఎఱిగియుండుటయే దీర్ఘకాలపు యజమానుల బలము. 1980 దశకపు 240 కార్లలో ఇంజిను ప్రక్కనున్న తీగలపై తొడుగు వేడికి పెళుసై, చేతితో నలిపినచో పొడిగా రాలుచుండెను; ఇంజిను వజ్రమువలె నున్నను తీగలు కలిసిపోయి కారు నిలిచిపోవుచుండెను. 1999 తరువాతి కొన్ని నమూనాలలో గాలిని నియంత్రించు ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో ఒక సన్నని పొరపై రాచుకొనుచు కదలు స్పర్శపుల్ల, ఆ పొరను అఱుగదీసి, కారును ఉన్నట్టుండి మందగింపజేయుచుండెను. 240లో అంకెలచట్రమును త్రిప్పు చిన్న ప్లాస్టిక్ పండ్లచక్రము విఱుగుట సాధారణము. కావున కారు తిరుగుచునే యుండును, అంకె మాత్రము ఆగిపోవును. అంకెను మాత్రమే నమ్మి పాతకారును కొనువారు ఈ యొక్క విషయమును మనస్సున నుంచుకొనవలెను.

అన్నింటికంటె బోధకరమైనది ఊపిరిగొట్టము. పిస్టన్ రింగులు ఎంత బిగువుగ నున్నను కొంత పొగ వాని సందులనుండి ఇంజిను పొట్టలోనికి జారును. దానిని బయటికి తీసి మరల మండించుటకు ఒక గొట్టమును, నూనెను వేఱుచేయు చిన్న పెట్టెయు ఉండును. మసియు మడ్డియు చేరి ఆ దారి మూసికొనినచో ఏమగును? కుక్కరు మూతపై వెయిటుక్రింది రంధ్రములో మెతుకు అడ్డుపడినచో ఆవిరి గాస్కెట్టువద్దనుండి ఎట్లు చిమ్ముకొనివచ్చునో, అట్లే ఇంజిను పొట్టలోని ఒత్తిడి క్రాంక్ షాఫ్ట్ చివరనున్న ఆయిల్ సీలును బయటికి త్రోసివేయును. ఆ సీలును మార్చుటకు గేరుబాక్సునంతటిని దింపవలెను. ఒక చిన్న గొట్టమును శుభ్రపఱుపనందుకు అంత పని!

> చేతితొడుగు పరీక్ష
> పాత వోల్వో యజమానులు ఊపిరిగొట్టమును పరీక్షించు పద్ధతి చిన్నపిల్లలకు కూడ తెలియునంత సులభము. ఇంజిను నడచుచుండగా నూనె పోయు మూతను తీసి, ఆ రంధ్రముపై పలుచని రబ్బరు చేతితొడుగును పఱతురు. తొడుగు లోనికి పీల్చుకొనబడినచో ఊపిరి సరిగా నున్నది. అయిదు వ్రేళ్ళును నిక్కబొడుచుకొని తొడుగు బుడగవలె ఉబ్బినచో లోపల ఒత్తిడి పెరిగినది. ఆయిల్ సీలు పోకమునుపే దారిని శుభ్రపఱుపవలెను.

దూరపు గడియారము, కాలపు గడియారము

కారులో రెండు గడియారములు ఒకేసారి తిరుగుచుండును. ఒకటి దూరమును కొలుచును: టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్చి దానికి లోబడినవి. రెండవది కాలమును కొలుచును: రబ్బరు బుష్‌లు, గొట్టములు, సీళ్ళు, బ్యాటరీ, కూలెంటు, బ్రేకు నూనె దీనికి లోబడినవి. ఇవి కారు కదలకున్నను ముదియుచునే యుండును. ఏలయన రబ్బరును పెళుసుచేయునది గాలిలోని ఆక్సిజనుతో జరుగు మెల్లని రసాయనచర్య; అట్టి చర్యల వేగము వేడితో ఎట్లు పెరుగునో 1889లో వివరించినవాడు కూడ స్వీడిషు శాస్త్రజ్ఞుడే, స్వాంటె అరీనియస్. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినచో పెక్కు రసాయనచర్యల వేగము ఇంచుమించు రెట్టింపగునని రసాయనశాస్త్రజ్ఞుల మోటులెక్క.

కావుననే ప్రదేశమునుబట్టి శత్రువు మాఱును. స్వీడనులోను అమెరికా ఉత్తరభాగములోను చలికాలమున మంచు కరుగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు; అచట ఇంజిను బాగుగ నుండగనే క్రిందినుండి తుప్పు కారును తినివేయును. న్యూజెర్సీ, మిషిగన్ వంటి చోట్ల స్థిరపడిన మన తెలుగువారు చలికాలమంతయు కారు అడుగుభాగమును కడిగించుచుండవలసినది ఇందుకే. మన రామగుండము, రెంటచింతల వంటి చోట్ల తుప్పు భయము తక్కువ, ఎండ భయము ఎక్కువ. అచట బ్యాటరీయు రబ్బరును పుస్తకములో వ్రాసిన గడువుకంటె ముందే ముదియును. విశాఖపట్టణమున సముద్రపుగాలియందలి లవణమును కూడ లెక్కింపవలెను. పుస్తకము గోథెన్‌బర్గులో వ్రాయబడినది. కారు మన యెండలో నున్నది. గడువులను మన వాతావరణమునకు తగినట్లు కుదించుకొనుట వివేకము.

ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె 'జీవితకాలమునకు సరిపోవును' అని పలు సంస్థలు వ్రాయుచుండును. అక్కడ జీవితకాలమనగా గేరుబాక్సు ఆ నూనెతో నిలుచునంతకాలమని తెలిసికొనవలెను. దీర్ఘకాలము కారును ఉంచుకొనదలచినవారు దానిని కూడ నడుమనడుమ మార్పించుటే క్షేమము.

ఒక్క సాక్ష్యము చాలునా?

గార్డన్ కారు ఒక్కటి నిలిచినదని వోల్వోలన్నియు ముప్పది లక్షల మైళ్ళు నడచునని తీర్పుచెప్పరాదు. అదే యేడాది అదే కర్మాగారమున పుట్టిన కార్లలో పెక్కు ఎన్నడో తుప్పుకుప్పలైనవి. బ్రతికినది మాత్రమే మనకు కథ చెప్పుచున్నది. ఆయన కారు దూరపు గడియారమును ఓడించుటకు కావలసిన సర్వపరిస్థితులు ఒక్కచోట కూడినవి: సుదీర్ఘమైన వెచ్చని ప్రయాణములు, తక్కువ ప్రారంభములు, సరళమైన యంత్రము, దొరకు విడిభాగములు, ఏబదిరెండేండ్లు మాఱని యొకే శ్రద్ధగల చేయి. వీనిలో ఏ యొక్కటి లేకున్నను ఫలితము వేఱుగ నుండెడిది.

మఱియొక సంగతిని కూడ నిజాయితీతో చెప్పవలెను. 1959లో నీల్స్ బోలిన్ అను వోల్వో ఇంజనీరు మూడు బిందువుల సీటుబెల్టును రూపొందించి లోకమునకు మహోపకారము చేసెను. అయినను 1966 నాటి కారులో నేటి ఎయిర్ బ్యాగులు, బ్రేకులను బిగిసిపోనీయని సాధనములు లేవు. ఇంజిను నడచుచున్నదను ఒక్క కారణముచే కుటుంబరక్షణను పాతకాలమునకు వదలరాదు. కారు అస్థిపంజరమును తుప్పు తిన్నచో, ఇంజిను ఎంత బాగుగ పాడుచున్నను, దానికి సెలవు చెప్పవలసినదే.

విద్యుత్ కార్లు వచ్చినచో ఈ విచారమంతయు తీఱునా? ఇంజినులోని నూనెపొర, టైమింగ్ బెల్టు, ఊపిరిగొట్టము నిజముగనే మాయమగును. దూరపు గడియారములో పెక్కు ముళ్ళు ఊడిపోవును. కాని కాలపు గడియారము అచటనే యుండును: బ్యాటరీ వేడికి ముదియును, రబ్బరు పెళుసగును, తీగల కూడళ్ళు తుప్పుపట్టును. అరీనియస్ లెక్కయు వైబుల్ గొలుసును వానికి కూడ వర్తించును.

మన చేతిలో నున్నది

ఇంతకును తేలిన నిర్ణయమేమి? కారును చంపునది దూరము కాదు. చల్లని ప్రారంభములు, ముదిసిన నూనె, మూసికొనిన ఊపిరి, గడువు మీఱిన పట్టీ, కడుగని ఉప్పు, ఇవియే దానిని చంపును. వీనిలో ప్రతిదియు చిన్నది, చౌకది, ముందుగ తెలియునది. చిన్నదానిని సకాలమున బలియిచ్చినవాడు పెద్దదానిని కాపాడుకొనును. చిన్నదానిపై పొదుపుచేసినవాడు పెద్దదానిని పోగొట్టుకొనును.

కావున పాతకారు కొనబోవునపుడు "ఎంత తిరిగినది?" యని మాత్రమే కాక, "ఎట్లు తిరిగినది? నూనె యెపుడెపుడు మార్పించిరి? రశీదులున్నవా?" యని అడుగుడు. రశీదులున్న రెండు లక్షల కిలోమీటర్ల కారు, రశీదులు లేని నలువదివేల కిలోమీటర్ల కారుకంటె పెక్కుసార్లు మేలైనది. మీకు కారుండినచో, రేపు ఉదయము ఇంజినును కదలింపకమునుపు డిప్‌స్టిక్కును తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూడుడు. నూనె ఏ గీతవద్ద నున్నదో, ఏ రంగులో నున్నదో చూచుటకు ఒక్క నిమిషము చాలును. ముప్పది లక్షల మైళ్ళు నడచిన ఆ ఎఱ్ఱని కారు వెనుకనున్నది అట్టి నిమిషములే.